పురిటి గదిలో ఏ పాట?
(గృహసౌఖ్యం శీర్షిక)

సీమంతం నాడు పేరంటాళ్లు పాటలు పాడతారు. పుట్టిన బిడ్డను ఉయ్యాలలో వేసిన నాడు మళ్లీ పాడతారు. ఈ రెండు వేడుకలకు నడుమ ఒక పగలో, ఒక రాత్రో, ఒక్కొక్కప్పుడు రెండూనో పట్టే అసలు ఘట్టంలో మాత్రం మన ఆడపడుచులకు పాట లేదు. ఆ వేళ వారి చెవిన పడేవి స్ట్రెచరు చక్రాల చప్పుడు, స్టీలు ట్రేలో పనిముట్ల గలగల, పక్క బల్ల మీది మరొక తల్లి మూలుగు, అప్పుడప్పుడు ‘కాస్త ఊరుకోమ్మా’ అన్న కసురు. ప్రసవ సమయంలో సంగీతం వినడమన్న విషయాన్ని ఈ మాసం మన శీర్షికకు ఎన్నుకోవడానికి కారణం అదే.

ఇది కలవారి ముచ్చట కదా, ఉద్యోగస్తుల ఇళ్లకు దీనితో ఏమి పని అని కొందరు పాఠకులు భావించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రసవకాల సంరక్షణపై వెలువరించిన మార్గదర్శకాలలో, నొప్పి నుండి ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన గర్భిణులకు కండరాలను సడలించుకొనే అభ్యాసం, శ్వాస నియమం మొదలైన వాటితోపాటు సంగీతాన్ని కూడ సిఫారసు చేసినది. అయితే అది ఆ స్త్రీ అభీష్టాన్ని అనుసరించి ఉండాలన్న నియమాన్ని కూడ అక్కడే చేర్చినది. ఆ సిఫారసులో అన్నింటికంటె విలువైనది ఆ నియమమేనని నా అభిప్రాయం. లేబర్ రూమ్‌లో అడుగుపెట్టిన స్త్రీ తన ఇష్టప్రకారం నిర్ణయించుకోగలిగినది ఏమున్నది? కట్టుకొనే బట్ట వారు ఇచ్చినది, పడక వారు చూపినది, పరీక్షల వేళలు వారు పెట్టినవి. అవి అట్లా ఉండటానికి తగిన కారణాలే ఉన్నాయి. అయినప్పటికీ తన చెవిలో ఏమి మ్రోగాలో ఆమె చెప్పగలిగితే, ఆ గదిలో ఒక్క సంగతైనా ఆమె చేతిలో ఉన్నట్లవుతుంది.

సంగీతానికీ నొప్పికీ సంబంధమేమిటన్నది తరువాతి ప్రశ్న. గ్రాంట్లీ డిక్-రీడ్ అనే ఆంగ్ల వైద్యుడు 1942లో ప్రచురించిన గ్రంథంలో, ప్రసవ వేదనకు మూలం చాలావరకు భయమేనని వాదించాడు. భయపడిన దేహం బిగుసుకుంటుంది, బిగువు నొప్పిని పెంచుతుంది, పెరిగిన నొప్పి తిరిగి భయాన్ని పెంచుతుంది. ఇది ఆయన చెప్పిన చక్రం. నొప్పి అంతా భయం వల్లనే అన్నంత దూరం నేటి వైద్యులు వెళ్లరు. భయం లేకున్నా పురిటినొప్పి నొప్పే. కాని భయంతో పాటు రక్తంలో పెరిగే అడ్రినలిన్, గర్భాశయాన్ని పనిచేయించే ఆక్సిటోసిన్‌కు అడ్డు తగులుతుందన్న అంశాన్ని వారు అంగీకరిస్తారు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మరొక సిద్ధాంతం ప్రతిపాదించారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటిది ఉన్నదని, మనసు లగ్నమైన తీరును బట్టి మెదడు ఆ ద్వారాన్ని కొంత మూయనూ గలదు, తెరవనూ గలదని దాని సారాంశం. పంటినొప్పితో మూలుగుతున్నవాడు మంచి నాటకం చూస్తూ ఒక గంట దానిని మరచిపోవడం మనం ఎరిగినదే.

అయితే పాట మందు కాదు. 2018లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, నొప్పులు మొదలైన తొలి దశలో సంగీతం వల్ల బాధ కొంత తగ్గవచ్చునని, నొప్పులు ముదిరిన తరువాత స్పష్టమైన మేలు కనబడలేదని తేల్చినది. ఆ నిర్ణయానికి ఆధారమైన పరిశోధనల నాణ్యత కూడ మిక్కిలి తక్కువేనని చెప్పినది. దీనికి భిన్నంగా, ప్రసవమంతటా ఒక మనిషి తోడుగా ఉండటం వల్ల కలిగే మేలుకు బలమైన ఆధారాలున్నాయి. 2017 నాటి మరొక కాక్రేన్ సమీక్ష 17 దేశాలలో 15 వేలకు పైగా స్త్రీలపై జరిగిన 26 పరిశోధనలను పరిశీలించి, తోడు ఉన్న తల్లులకు సహజ ప్రసవాలు ఎక్కువగా జరిగాయని, నొప్పులు పడే కాలం కొంత తగ్గినదని తెలిపినది. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కూడ 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసూతి గదులలో ఒక స్త్రీని తోడుగా ఉండనిచ్చేందుకు అనుమతించినది. కనుక ఆసుపత్రికి తీసుకువెళ్లే సంచిలో పాటల పెట్టె కంటె ముందు లెక్కించవలసినది అమ్మనో, అక్కనో, వదినెనో. నొప్పి తగ్గించే ఇంజెక్షను, ఎపిడ్యూరల్ వంటివి అడగడాన్ని ఓటమిగా ఎవరూ భావించనక్కరలేదు. పాటలు పెట్టుకున్నావుగా, ఇక మందెందుకు అని ఇంట్లోవారు అనడం అంతకంటె తగదు. పాటలు వింటూ ఇంటివద్దనే కాలయాపన చేయడం ప్రమాదకరం. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి.

ఈ హద్దులన్నీ చెప్పిన తరువాత కూడ పాటకు చోటు మిగులుతుంది. అది ఈనాడు పడమటి దేశాల నుండి దిగుమతి అయిన చోటు కాదు. ఆశ్వలాయన, పారస్కర గృహ్యసూత్రాలలో సీమంతోన్నయన విధిని చెప్పిన పట్టున ఒక ముచ్చటైన ఆదేశం కనబడుతుంది. భర్త ఇద్దరు వీణాగాయకులను పిలిచి సోమరాజును కీర్తించి పాడమని కోరాలట. అంతేకాదు, ఆ దంపతులు ఏ నదీతీరాన నివసిస్తున్నారో ఆ నది పేరు ఆ పాటలో రావాలట. గోదావరి ఒడ్డు వారికి గోదావరి, కృష్ణ ఒడ్డు వారికి కృష్ణ. గర్భవతి వినే పాటలో ఆమె ఊరి నీటి పేరు ఉండాలని నిర్దేశించిన ఆ సూత్రకారుల హృదయం ఎంత మృదువైనదో కదా! ఇప్పుడు సీమంతాలలో నదీ లేదు, వీణా లేదు. వీడియో తీసేవారు తెచ్చిన పెద్ద స్పీకరు మాత్రం ఉంటున్నది.

స్త్రీలు తమలో తాము పాడుకున్న పాటలు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. మన స్త్రీల రామాయణపు పాటలలో కౌసల్య వేవిళ్లు ఉన్నాయి, సీత పురుడు ఉన్నది. పండితుల కావ్యాలలో పాయసం త్రాగిన రాణులకు కాలం నిండగానే పుత్రులు కలుగుతారు. నొప్పుల మాట అంతగా రాదు. స్త్రీల పాటలలోని కౌసల్య మాత్రం సామాన్య స్త్రీ వలె నొప్పులు పడుతుంది, పైకప్పు నుండి వ్రేలాడదీసిన త్రాళ్లను పట్టుకొని ప్రసవిస్తుంది. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురితమైన ఒక ఆంగ్ల వ్యాసంలో ఈ పాటలను చర్చించి, రామాయణాన్ని స్త్రీలు తమ దృష్టితో మలచుకున్న తీరును వివరించారు. మధ్యాహ్నం వంటావార్పూ ముగిసిన తరువాత, మగవారు లేని వేళ పెద్దవారు ఈ పాటలు పాడుతూ ఉంటే ఒడిలో కూర్చున్న ఆడపిల్లలు వినేవారు. ప్రసవమంటే ఏమిటో చెప్పే పుస్తకం వారికి మరొకటి లేదు.

సముద్రాల ఆవల పనామా తీరంలో కూనా అనే ఆదివాసుల మధ్య, కష్టమైన ప్రసవంలో పాడేందుకే ప్రత్యేకించిన ఒక దీర్ఘగానం ఉన్నది. ఐదు వందలకు పైబడిన పాదాలు. 1947లో ఇది అచ్చయినది. గర్భిణి దేహంలోనికి గాయకుడు, అతని సహాయ దేవతలు ప్రయాణమై వెళ్లి, అడ్డుపడిన శక్తితో పోరాడి దారి తెరవడమే అందులోని కథ. లెవీ-స్ట్రాస్ అనే ఫ్రెంచి మానవశాస్త్రవేత్త 1949లో దీనిపై ప్రసిద్ధమైన వ్యాసం వ్రాశాడు. అర్థం లేని బాధకు ఆ పాట ఒక కథను, ఒక క్రమాన్ని ఇస్తుందని, ఆ క్రమం దొరికినప్పుడు దేహం సహకరిస్తుందని ఆయన భావన. ఆ పాటలోని ప్రత్యేక భాష గర్భిణికి నిజంగా అర్థమవుతుందా అని తరువాతివారు సందేహించారు. అర్థం కాకపోయినా గంటల తరబడి తన కోసం ఒకరు కూర్చొని పాడుతున్నారన్నది మాత్రం ఆమెకు తెలియకుండా ఉండదు.

ఇక ఎంపిక. మొదటగా, ఎంపిక ఎవరు చేయాలి? కనబోయే తల్లి చేయాలి. ఇది చెప్పినంత సులభం కాదు. అత్తగారికి విష్ణు సహస్రనామం, ఆడపడుచుకు ఎవరో చెప్పిన ‘గర్భసంస్కార’ సంగీతం, భర్తకు తన కాలేజీ నాటి ఇష్టాలు ఉంటాయి. కోడలికి ఇళయరాజా పాటలంటే ప్రాణం కావచ్చు. పురిటి గదిలో సినిమా పాటలా అని ఎవరైనా నొసలు చిట్లిస్తే చిట్లించనీయండి. ఘంటసాల, సుశీలల పాట వింటే ఆమె భుజాలు సడలుతాయంటే ఆ పూటకు అదే ఆమెకు తగిన సంగీతం. సహస్రనామం చిన్ననాటి నుండి ఆమె నోట నానినదైతే దానికి సాటి లేదు, సుమారు అరగంట సేపు మనసు పట్టుతప్పకుండా ఒక నామం నుండి మరొక నామానికి నడిచిపోతుంది. కాని భక్తి పేర పెద్దలు పెట్టించినదైతే అది కూడ ఆ గదిలోని మరొక ఆజ్ఞ అవుతుంది. మన టౌన్‌షిప్పులలో అన్ని మతాల కుటుంబాలున్నాయి. మర్యమ్ పురిటినొప్పులను ప్రస్తావించే ఖురాన్‌లోని మర్యమ్ సూరాను గర్భిణులకు వినిపించే ముస్లిం ఇళ్లున్నాయి. క్రైస్తవ సోదరీమణులకు వారి కీర్తనలున్నాయి. సూత్రం అందరికీ ఒకటే, ఆమెకు పరిచయమైనది, ఆమె కోరినది.

పరిచయం అనే మాటను కొంచెం సాగదీయాలి. ఆనందభైరవి రక్తపోటును తగ్గిస్తుందని, నీలాంబరి నిద్ర తెప్పిస్తుందని, ఫలానా రాగం సుఖప్రసవం చేయిస్తుందని జాబితాలు ప్రచారంలో ఉన్నాయి. నీలాంబరి జోలపాటల రాగమన్నది నిజమే. కాని రాగాన్ని మాత్రవలె వాడవచ్చుననడం అతిశయం. కర్ణాటక సంగీతం చెవికి అలవాటు లేని స్త్రీకి ప్రసవ సమయంలో మొదటిసారి నీలాంబరి వినిపిస్తే, అది ఆమెకు మరొక పరాయి శబ్దమే. ఏడవ నెల నుండి ప్రతిదినం మధ్యాహ్నమో, రాత్రి పడుకొనే ముందో ఇరవై నిమిషాలు ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొని, నెమ్మదిగా ఊపిరి తీస్తూ అవే పాటలు వింటూ ఉంటే, ఆ పాట మొదలు కాగానే దేహం తనంత తాను సడలడం నేర్చుకుంటుంది. పాత రోజులలో ఆకాశవాణి భక్తిరంజని వినబడగానే ఇల్లంతా ఏ మాటా చెప్పకుండానే తెల్లవారిన పనులలో పడిపోయేది. ఈ అలవాటు కూడ అటువంటిదే.

రెండవ సంగతి నిడివి. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తరువాత కూడ తొలి కాన్పులో పూర్తిగా విప్పారడానికి 12 గంటల వరకు పట్టవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంతకు ముందరి దశ వేరు. నాలుగైదు నిమిషాల పాటలు పదింటిని ఎంచుకున్నారనుకోండి, ముప్పాతిక గంటలో అవి ముగుస్తాయి. 12 గంటలలో ఆ పదీ 16 సార్లు తిరిగి వస్తాయి! ఎంత ఇష్టమైన పాటైనా పదహారవ మారు విన్న తరువాత జీవితాంతం దానిపై విరక్తి కలుగవచ్చు. కనుక మూడు నాలుగు గంటలకు సరిపడేటట్లు, తీరులు మారేటట్లు కూర్చుకోవాలి. తొలి గంటలలో నొప్పికీ నొప్పికీ నడుమ చాలా ఎడం ఉంటుంది. అప్పుడు మాటలున్న పాటలు, పాత నాటకం, హరికథ, హాస్యసంభాషణ ఏదైనా సరే కాలక్షేపానికి పనికివస్తుంది. నడుమ కునుకు పడితే మరీ మంచిది. నొప్పులు పది నిమిషాలకు మూడు నాలుగు సార్లు వచ్చి, ఒక్కొక్కటి 40 నుండి 60 సెకన్లు నిలిచే దశలో మాటలు చాలామందికి రుచించవు. అప్పుడు వాద్యం మేలు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల వీణ, ద్వారం వెంకటస్వామి నాయుడు వాయులీనం, బిస్మిల్లాఖాన్ షెహనాయి వంటివి. తాళం లేని ఆలాపనకు ఒక సౌలభ్యం ఉన్నది. అది ఊపిరి వలె సాగి, ఊపిరి వలె ఆగుతుంది. నాదస్వరం మంగళకరమే కాని మూసిన గదికి దాని ధాటి ఎక్కువ. మృదంగం తని ఆవర్తనం ఈ సమయానికి తగదని నేననుకుంటాను. నొప్పితో పాటు తాళం పరుగెత్తితే ఊపిరి కూడ పరుగెత్తుతుంది. అట్లాగని ఇదే నియమమని కాదు, డప్పు దరువుకు లయగా ఊగుతూ నొప్పిని దాటే స్త్రీలు కూడ ఉంటారు.

మూడవది భాష. ఇది మన వంటి సంస్థల కుటుంబాలకు ప్రత్యేకమైన విషయం. భిలాయి, రూర్కెలా వంటి ఉక్కు నగరాలలో ఎందరో తెలుగువారు కాపురముంటున్నారు. విశాఖ, రామగుండం టౌన్‌షిప్పులలో బెంగాలీ, ఒరియా, హిందీ మాట్లాడే కుటుంబాలున్నాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆచారమే అయినా రెండవ కాన్పుకు పెద్దపిల్ల బడి, రైలు ప్రయాణపు బడలిక, సెలవు ఇబ్బంది వంటి కారణాల చేత ఉద్యోగస్థలంలోనే ఉండిపోవడం కద్దు. పగలంతా బజారులో, ఇరుగుపొరుగున హిందీలో చక్కగా మాట్లాడే స్త్రీ కూడ నొప్పి వచ్చినప్పుడు ‘అమ్మా’ అనే అంటుంది. చుట్టూ ఉన్నవారెవరికీ తన భాష రాని గదిలో, చెవిలో ఒక తెలుగు గొంతు ఉండటం చిన్న విషయం కాదు. సూత్రకారులు నది పేరు పాటలో ఉండాలన్నప్పుడు వారి మనసులో ఉన్నది కూడ ఇటువంటిదే కావచ్చు. అట్టి వారికి నా సలహా, పాటలతో పాటు పుట్టింటిలోని అమ్మ చేతో, అమ్మమ్మ చేతో ఒక అరగంట మాట్లాడించి గాని, పాడించి గాని రికార్డు చేయించుకోండి. శ్రుతి కలిసినదా లేదా అని ఎవరూ చూడరు.

ఆసుపత్రి విషయాలు కొన్ని. ఎనిమిదవ నెల పరీక్షకు వెళ్లినప్పుడే డాక్టరు గారిని, వార్డు సిస్టరు గారిని అడిగి ఉంచుకోవాలి. చిత్రాలు తీస్తారన్న అనుమానంతో కొన్ని చోట్ల సెల్‌ఫోన్లను లోనికి రానీయరు. అట్టి చోట ఫోను కాని చిన్న పాటల పెట్టెకు అనుమతి దొరకవచ్చు. నాలుగు బల్లలున్న గదిలో స్పీకరు పెట్టడం పొరుగు తల్లికి అన్యాయం. ఇయర్‌ఫోను ఒక చెవికి మాత్రమే పెట్టుకోవాలి. రెండవ చెవి డాక్టరు మాటకు ఖాళీగా ఉండాలి. బిడ్డ గుండె చప్పుడు వినేటప్పుడు పాట ఆపమంటే మారు మాట లేకుండా ఆపాలి. పాటలను ముందుగానే ఫోనులోనికి దింపుకోవాలి. లేకుంటే నొప్పి ఉచ్చస్థాయిలో ఉన్న నిమిషాన వీణ ఆగిపోయి సిమెంటు ప్రకటన గావుకేక పెడుతుంది. ఛార్జరు మరువరాదు.

పాట పెట్టిన తరువాత ఆమె వద్దంటే వెంటనే తీసివేయాలి. నొప్పులు తీవ్రమైనప్పుడు కొందరికి ఏ శబ్దమూ గిట్టదు. ఎంతో శ్రమపడి జాబితా తయారు చేసిన భర్త అప్పుడు చిన్నబుచ్చుకోకూడదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఆమెను అరవకుండా చేయడానికి పాటను సాధనంగా వాడరాదు. ప్రసూతి గదులలో స్త్రీలను కసరడం, అవమానించడం ప్రపంచమంతటా ఉన్నదని గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రత్యేక ప్రకటన చేసినది. అరుపు, మూలుగు, ఏడుపు, దేవుణ్ణి తిట్టడం అన్నీ ఆ గదిలో చెల్లుతాయి. ఆ గొంతును బట్టే అనుభవమున్న సిస్టర్లు ప్రసవం ఎంత దగ్గరకు వచ్చినదో పోల్చుకోగలుగుతారు.

భర్తలకు ఒక మాట. ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణంగా వారికి లోనికి ప్రవేశం లేదు. పైగా నొప్పులు నైట్ షిఫ్టు చూసుకొనే మొదలవుతాయన్నట్లు ఉంటుంది. గది బయట పచార్లు చేసే మనిషి చేయగల పని ముందే చేసి ఉంచాలి. ఆమెతో కూర్చొని, ఆమె చెప్పిన వరుసలో పాటలు కూర్చి, లోపల తోడుండే అత్తగారికో, వదినెకో ఏ మీట నొక్కితే ఏమవుతుందో రెండు మూడు సార్లు చేయించి చూపాలి. చీకటిలో, కంగారులో ఆ పెద్దావిడకు అది చేతనవ్వాలి కదా.

బిడ్డ బయటకు వచ్చే నిమిషాలలో పాట ఆపివేయడం మంచిది. ఆ సమయంలో అందరూ వినవలసినది తొలి ఏడుపు. బిడ్డ వినదగినది తల్లి గొంతు. పుట్టి కొద్దిరోజులైనా కాని శిశువులు పరాయి స్త్రీ గొంతు కంటె తమ తల్లి గొంతునే ఎక్కువ కోరుకుంటారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు నిరూపించారు. కడుపులో ఉండగానే విన్న గొంతు మరి.

సిజేరియన్ అయితే ఈ ఏర్పాట్లన్నీ వృథాయేనా? కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం. ఇంత ఎక్కువ ఎందుకన్నది వేరొక వ్యాసానికి విషయం. సిజేరియన్లలో చాలావాటికి నడుముకు మత్తు ఇస్తారు గనుక తల్లి మెలకువగానే ఉంటుంది. తెర అడ్డం ఉన్నందున ఏమీ కనబడదు, అన్నీ వినబడతాయి. కత్తెరల చప్పుడు, డాక్టర్లు తమలో తాము చెప్పుకొనే మాటలు ఆమెను కలవరపెడతాయి. మత్తు డాక్టరు ఆమె తల వద్దనే ఉంటారు. వారితో ముందు రోజే మాట్లాడి ఉంచితే, బిడ్డ బయటకు వచ్చే వరకు ఒక చెవిలో సన్నగా పాట మ్రోగించడానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు.